దీవి మోయగలిగిన రాత్రులు

ఆస్ట్రేలియా ఈశాన్య తీరంలో, క్వీన్స్‌లాండ్‌లోని కార్డ్‌వెల్ అనే చిన్న ఊరికి ఎదురుగా హించిన్‌బ్రూక్ దీవి ఉంది. విస్తీర్ణం సుమారు 400 చదరపు కిలోమీటర్లు. నడుమ 1,121 మీటర్ల ఎత్తున మౌంట్ బోవెన్, పడమటి పక్క పొడవునా మడ అడవుల పాయలు, తూర్పున పగడాల సముద్రానికి ఎదురొడ్డిన ఇసుక తీరాలు. 1932లోనే దీన్ని జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. తూర్పు తీరం వెంట సాగే 32 కిలోమీటర్ల థోర్స్‌బోర్న్ కాలిబాట మీద ఒకేసారి 40 మందికి మించి ఉండటానికి వీల్లేదు. ఇంకొందరు సముద్రం మీదుగా వస్తారు. గైడు వెంట సన్నటి కయాకుల్లో రోజుకు పదిహేను, ఇరవై కిలోమీటర్లు తెడ్డు వేసుకుంటూ, నాలుగైదు రాత్రులు ఒడ్డున గుడారాల్లో గడుపుతూ దీవిని చుట్టి వెళ్తారు. గుర్తించిన విడిది చోట్ల తప్ప వాళ్లు ఎక్కడా దిగి పడుకోకూడదు, అదీ ముందుగా అనుమతి తీసుకున్నాకే. ఇలాంటి ప్రయాణాన్ని కండబలం ఉన్నవాళ్ల సాహసంగానో, డబ్బున్నవాళ్ల వేడుకగానో చూడటం మనకు అలవాటు. నేను దీన్ని ఒక పాలనా విధానంగా చూడమంటున్నాను. ఉష్ణమండల దీవి తలుపు పర్యాటకులకు తెరవాలనుకుంటే ముందు తెరవాల్సినది ఈ చిన్న తలుపే. అండమాన్ విషయంలో మనం పెద్ద తలుపు ముందు తెరిచాం, చిన్నదాన్ని మూసే ఉంచాం.

కయాక్ యాత్రలో హద్దు ఎక్కడి నుంచి వస్తుందో చూస్తే సంగతి తేలికగా అర్థమవుతుంది. సముద్రపు కయాక్ అయిదు మీటర్ల పొడవుంటుంది. ముందూ వెనకా నీరు చొరని అరలుంటాయి. గుడారం, బియ్యం, పొయ్యి, మందుల పెట్టె, తాగునీళ్లు, తిరిగి తెచ్చుకోవాల్సిన చెత్త, అన్నీ ఆ అరల్లోనే పట్టాలి. పట్టనిది వెంట రాదు. దీవి మీద వాగు పారుతోందా, ఎండిందా అన్నది యాత్ర మొదలుకాకముందే తెలుసుకోవాలి, ఎందుకంటే మోయాల్సిన ప్రతి లీటరూ ఒక కిలో బరువు. కట్టెల మంట పనికిరాదు, చిన్న ఇంధనపు పొయ్యి మీదే వంట. హించిన్‌బ్రూక్ మీద ఎలుకలు సంచులు కొరికి తిండి ఎత్తుకుపోతాయి కాబట్టి విడిది చోట్ల ఇనుప పెట్టెలు పెట్టారు. ఆ పెట్టెలో పెట్టి మూయగలిగినంతే ఆ రాత్రి భోజనం. ఇక గాలి. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా ఆగ్నేయ వ్యాపార పవనాలు బలంగా వీస్తాయి, అందుకే చాలామంది దక్షిణాన లూసిండా నుంచి బయల్దేరి గాలిని వీపున పెట్టుకుని ఉత్తరానికి పోతారు. గాలి ముదిరితే ఒడ్డున ఒక రోజు ఊరికే కూర్చోవాలి. పాయల్లోకి పోటు మీద వెళ్లి, పాటు మీద బయటపడాలి. లెక్క తప్పితే మడ బురదలో ఆరు గంటలు చిక్కుబడాల్సిందే. యంత్రం ఉన్న పడవకు ఈ కట్టుబాట్లు చాలావరకు వర్తించవు. వంద మందిని ఎక్కించుకుని గంటలో తీరానికి చేర్చే పడవ ఆ వంద మందికీ అవతల నీళ్లు, మరుగుదొడ్లు, కరెంటు, చెత్తబండి ఉండాలని అడుగుతుంది. అవి కట్టాక ఇంకో వంద మంది వస్తే తప్ప లెక్క తేలదు.

ఈ రెండో దారి ఎటు పోతుందో అదే హించిన్‌బ్రూక్ ఎదుటి ఒడ్డున చూడొచ్చు. 1990ల్లో కార్డ్‌వెల్ పక్కన ఆయిస్టర్ పాయింట్ దగ్గర కీత్ విలియమ్స్ అనే పేరున్న డెవలపర్ మడచెట్లు కొట్టించి, కాలువలు తవ్వించి పోర్ట్ హించిన్‌బ్రూక్ పేరుతో విలాస పడవల రేవు, ఇళ్ల స్థలాలు కట్టాడు. పర్యావరణవాదులు ఏళ్ల తరబడి పోరాడారు. వాళ్లలో ముందు నిలిచిన మార్గరెట్ థోర్స్‌బోర్న్, ఆమె భర్త ఆర్థర్ 1960ల నుంచి దగ్గర్లోని బ్రూక్ దీవుల మీద గూళ్లు పెట్టే తెల్ల పావురాలను లెక్కపెడుతూ వచ్చినవాళ్లు. వేటగాళ్ల తుపాకులకు తగ్గిపోతున్న ఆ పక్షులను కాపాడటానికి ఆ లెక్కలే ఆధారమయ్యాయి. కాలిబాటకు ఆర్థర్ జ్ఞాపకార్థం థోర్స్‌బోర్న్ పేరు పెట్టారు. 2011 ఫిబ్రవరి 3 తెల్లవారేలోగా యాసి తుపాను మిషన్ బీచ్ దగ్గర తీరం దాటింది. అయిదో కేటగిరీ తుపాను. పోర్ట్ హించిన్‌బ్రూక్ రేవులోని విలాస పడవలు ఒకదాని మీదొకటి గుట్టగా పడ్డాయి. ఉత్తరాన డంక్ దీవి మీది పేరుమోసిన రిసార్టు ఛిద్రమైంది. పోర్ట్ హించిన్‌బ్రూక్ ఆ తర్వాత ఆర్థికంగానూ కూలింది. పూడిక తీతకూ, మురుగునీటి వ్యవస్థకూ డబ్బు ఎవరివ్వాలన్న తగవు ఏళ్లు నడిచింది. కాలిబాట కూడా కూలిన చెట్లతో మూసుకుపోయింది. దాన్ని శుభ్రం చేసి మళ్లీ తెరిచారు. గుడారానికి పునాది లేదు కాబట్టి కూలడానికి ఏమీ లేదు. తుపానులు మనకు కొత్త కాదు. దివిసీమ, హుద్‌హుద్ చూసిన తెలుగు పాఠకులకు ఈ తేడా విడమరచి చెప్పనక్కర్లేదు.

అయితే హద్దు ఉన్నంత మాత్రాన న్యాయం ఉన్నట్టు కాదు. హించిన్‌బ్రూక్ బండ్జిన్, గిరమే ఆదివాసులది. దీవి ఒడ్డున వాళ్ల పూర్వీకులు రాళ్లతో కట్టిన చేపల మడుగులు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. పోటుతో లోపలికి వచ్చిన చేప పాటుకు అక్కడే చిక్కుతుంది. 19వ శతాబ్దపు వలస హింస ఆ జనాన్ని దీవి నుంచి తరిమేసింది. తర్వాత వచ్చిన ఉద్యానవనం మనుషుల్లేని అడవిని కాపాడుతున్నానని చెప్పుకుంది, ఆ మనుషులు ఎందుకు లేరో చెప్పలేదు. గిరింగన్ సంస్థ ద్వారా ఆ తెగలు 2005లో గ్రేట్ బారియర్ రీఫ్ పాలకులతో సముద్ర వనరుల వాడకం మీద ఒప్పందం చేసుకున్నాయి. అలాంటి ఒప్పందాల్లో అదే మొదటిది. సముద్రపు ఆవు అని మనం పిలిచే డ్యూగాంగ్‌ను, తాబేలును ఎంతవరకు వేటాడాలో వాళ్లే నిర్ణయించుకున్నారు. నా దృష్టిలో కాలిబాట మీద 40 మందే అన్న అంకె కంటే ఇది పెద్ద విషయం. సముద్రం తెలిసినవాళ్లు, దాని మీద హక్కున్నవాళ్లు గీసిన హద్దు నిలుస్తుంది. దూరాన ఆఫీసులో కూర్చుని గీసింది ఒత్తిడి వచ్చిన మర్నాడు చెరిగిపోతుంది.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. అండమాన్, నికోబార్ దీవుల జనాభా 2011 లెక్కల ప్రకారం 3.8 లక్షలు. కోవిడ్‌కు ముందే ఏడాదికి వచ్చే పర్యాటకులు అంతకు మించిపోయారు. పోర్ట్ బ్లెయిర్‌కు, అంటే ఇప్పటి శ్రీ విజయపురానికి, ప్రధాన నీటి వనరు ధనిఖరి జలాశయం. వాన లేని నెలల్లో అక్కడి ఇళ్లకు నీళ్లు రోజూ రావు. హోటళ్లు నిండేదీ ఆ నెలల్లోనే. 2014 జనవరి 26న రాస్ దీవి సమీపంలో ఒక పర్యాటక పడవ మునిగి 21 మంది చనిపోయారు. అందులో సామర్థ్యానికి మించి జనాన్ని ఎక్కించారు. ఇవన్నీ వేర్వేరు వార్తల్లా కనిపిస్తాయి కానీ మూలం ఒకటే. పర్యాటకాన్ని వచ్చిన తలల లెక్కతో కొలిచినంత కాలం పడవలోనూ, జలాశయం మీదా అదే ఒత్తిడి ఉంటుంది. దీవి మీద గడిపిన రాత్రుల లెక్కతో, ఒక్కో రాత్రికి తాగిన నీళ్ల లెక్కతో కొలిస్తే విధానం వేరే దారి పడుతుంది. స్వరాజ్ ద్వీప్‌లో సాయంత్రాలు మడ పాయల్లో కయాక్ నడిపి, తెడ్డు తగిలిన చోటల్లా నీళ్లు వెలగడం చూపించే యాత్రలు ఇప్పటికే ఉన్నాయి. తీరం మీద గుడారాలకు మాత్రం అనుమతి లేదు. అందువల్ల ప్రతి యాత్రా రాత్రికి మళ్లీ హోటలు గదికే తిరిగి రావాలి.

మొదటి అభ్యంతరం డబ్బు గురించి. పది మందితో నడిచే యాత్ర ఖరీదైనదే అవుతుందని, దీవులు సంపన్నుల సొంతమవుతాయని అంటారు. ఆ భయం న్యాయమైనది. కానీ ఖర్చులో ఎక్కువ భాగం దేనికి పోతోందో చూడాలి. క్వీన్స్‌లాండ్‌లో గుడారం వేసుకోవడానికి ప్రభుత్వం తీసుకునేది తలకు కొద్ది డాలర్లే. ఖరీదంతా గైడుకు, పడవలకు. మన దేశంలో యూత్ హాస్టల్స్ అసోసియేషన్ దశాబ్దాలుగా హిమాలయ పాదయాత్రలను మధ్యతరగతికి అందేలా నడుపుతోంది. తెలుగు రాష్ట్రాల నుంచి ఏటా ఎందరో కుర్రాళ్లు, రిటైరైన ఉద్యోగులు వెళ్తున్నారు. పడవలు ఉమ్మడిగా కొని, లాటరీ పద్ధతిన స్థలాలు కేటాయిస్తే సముద్రంలోనూ ఆ పద్ధతి సాగుతుంది. స్థానికుల ఆదాయం మాటకొస్తే, పెద్ద రిసార్టు లాభం ఎక్కడికి పోతుందో అందరికీ తెలుసు. గైడు జీతం దీవిలోనే ఉంటుంది. 2011 లెక్కల్లో అండమాన్, నికోబార్ దీవుల్లో 13 శాతానికి పైగా జనం మాతృభాష తెలుగు. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వెళ్లి స్థిరపడిన మత్స్యకార కుటుంబాలు వాళ్లలో చాలా ఉన్నాయి. గాలి మళ్లడం, పోటు పాటు, ఏ కెరటం కింద బండ ఉందో తెలిసినవాళ్లు వాళ్లు. గోవాలోని జాతీయ జలక్రీడల సంస్థ లాంటి చోట ప్రాణరక్షణ శిక్షణ ఇప్పిస్తే ఈ పనికి వాళ్లకంటే తగినవాళ్లు దొరకరు. లైసెన్సుల్లో మొదటి హక్కు వాళ్లకూ, అక్కడ పాతుకుపోయిన ఇతర పల్లెకారులకూ రాసివ్వాలి.

రెండో అభ్యంతరం ప్రాణభయం. దీన్ని తేలిగ్గా తీసేసేవాళ్లతో నాకు పేచీ ఉంది. హించిన్‌బ్రూక్, అండమాన్ రెండు చోట్లా ఉప్పునీటి మొసళ్లున్నాయి. 2010లో స్వరాజ్ ద్వీప్ (అప్పటి హేవ్‌లాక్) తీరంలో ఒక అమెరికన్ పర్యాటకురాలిని మొసలి చంపింది. పడవ ఎంత చిన్నదైతే ప్రమాదం అంత ఎక్కువని క్వీన్స్‌లాండ్ అధికారులే హెచ్చరిస్తారు. గుడారం నీటి అంచుకు కనీసం 50 మీటర్ల దూరంలో, పోటు గీతకు రెండు మీటర్ల ఎత్తున ఉండాలంటారు. చేపలు కడిగిన నీళ్లు విడిది దగ్గర పోయకూడదు. నవంబరు నుంచి మే దాకా ప్రాణం తీసే జెల్లీచేపల కాలం. కాబట్టి గైడు లేకుండా ఎవరినైనా పంపమని నేను అనడం లేదు. బోల్తాపడిన కయాక్ నుంచి బయటపడి మళ్లీ ఎక్కడం మొదటి రోజే లోతు తక్కువ నీళ్లలో నేర్పాలి. నేర్చుకోలేనివాళ్లను వెనక్కి పంపే అధికారం గైడుకు ఉండాలి. చిన్న జట్టులో ప్రతి మనిషి పేరూ, ఈతా గైడుకు తెలుస్తాయి. కిక్కిరిసిన పడవలో ఆ అవకాశమే లేదు.

అన్నిటికంటే బరువైన అభ్యంతరం తాబేళ్లది, ఆదివాసులది. జారవా ఆదివాసుల రక్షిత ప్రాంతం దక్షిణ, మధ్య అండమాన్‌ల పడమటి తీరాన ఉంది. ఉత్తర సెంటినెల్ దీవి చుట్టూ అయిదు నాటికల్ మైళ్ల నిషేధం ఉంది. ఆ దిక్కుకు ఏ కయాకూ పోకూడదు, ఈ మాటకు మినహాయింపు లేదు. తూర్పున రిచీ దీవుల సముదాయం ఆ ప్రాంతాలకు దూరం. యాత్రలకు అనుమతిస్తే అక్కడే ఇవ్వాలి. తాబేళ్ల చిక్కు ఇంత సులువుగా విడదు. సముద్రం నెమ్మదించి తెడ్డుకు అనువయ్యే డిసెంబరు నుంచి మార్చి దాకానే ఆలివ్ రిడ్లీలు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి. మనిషికీ తాబేలుకూ ఒకే ఇసుక, ఒకే కాలం. దీపం చూస్తే తల్లి తాబేలు వెనుదిరుగుతుంది, పిల్లలు దారి తప్పుతాయి. అందుకని ఏ ఒడ్డున గుడారం వేయొచ్చో తేల్చేముందు కనీసం రెండు సీజన్లు అటవీశాఖ సిబ్బంది, పల్లెకారులు కలిసి రాత్రుళ్లు ఆ ఒడ్లు నడిచి గూళ్లు లెక్కపెట్టాలి. బ్రూక్ దీవుల్లో థోర్స్‌బోర్న్ దంపతులు పావురాలను లెక్కపెట్టినంత ఓపికగా. గూడు ఉన్న ఒడ్డును జాబితా నుంచి కొట్టేశాక ఆరు చోట్లే మిగిలితే ఆరుకే అనుమతి ఇవ్వాలి, ఒక్కటీ మిగలకపోతే ఆ ఏడాది యాత్ర లేదు.