నల్ల పొగ - కంప్యూటర్ మీద నింద

పాత ఇంజెక్షన్ కారు నల్ల పొగ వదిలినా, స్పార్క్ ప్లగ్గులు మసిబారినా, పెట్రోలు ఖర్చు ఉన్నట్టుండి పెరిగినా షెడ్లలో తరచుగా వినిపించే తీర్పు ఒకటే: కంప్యూటర్ పోయింది, దాన్ని పీకేసి కార్బురేటర్లు పెట్టించుకోవాలి. ఈ తీర్పు తప్పు. మిక్చర్ రిచ్ కావడానికి, అంటే గాలికి తగినదానికన్నా పెట్రోలు ఎక్కువ కావడానికి, చాలా సందర్భాల్లో కారణం ఆ కంప్యూటర్, అంటే కంట్రోల్ యూనిట్ కాదు. దానికి తప్పుడు సమాచారం పంపే సెన్సరో, చిలుము పట్టిన కనెక్టరో, పెట్రోలు కారుస్తున్న వాల్వో అసలు దోషి. వరుసగా వెతికితే దొరికే లోపం కోసం మొత్తం వ్యవస్థనే పారేయడాన్ని మరమ్మతు అనలేం.

ఈ నిందను ఎక్కువగా మోస్తున్నది బాష్ కంపెనీ ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ వ్యవస్థ డి-జెట్రానిక్. 1967లో అమెరికాకు ఎగుమతయ్యే ఫోక్స్‌వ్యాగన్ 1600తో ఇది రోడ్డెక్కింది. ఆ తర్వాత వోల్వో 1800ఇ, మెర్సిడెస్ 280ఎస్ఇ 3.5, పోర్షే 914 వంటి కార్లలోకి వచ్చింది. ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లోని ఒత్తిడి, ఇంజన్ వేగం, ఉష్ణోగ్రత చూసి ఇంజెక్టర్లు ఎన్ని మిల్లీసెకన్లు తెరుచుకోవాలో కంట్రోల్ యూనిట్ నిర్ణయిస్తుంది. పెట్రోలు ఒత్తిడి దాదాపు 2 బార్ల దగ్గర స్థిరంగా ఉంటుంది కాబట్టి, ఇంజెక్టర్ తెరిచి ఉన్న సమయమే పెట్రోలు కొలత. ఈ తొలితరం వ్యవస్థలో ఆక్సిజన్ సెన్సర్ లేదు. పొగగొట్టంలో ఏం జరుగుతోందో యూనిట్‌కు తెలియదు, తన లెక్కను తాను దిద్దుకోలేదు. అందువల్ల మిక్చర్ రిచ్ అయిందంటే ముందుగా అనుమానించాల్సినవి రెండు: యూనిట్‌కు తప్పుడు సమాచారం అందుతూ ఉండాలి, లేదా దాని ఆదేశంతో సంబంధం లేకుండా పెట్రోలు అదనంగా చేరుతూ ఉండాలి. ఈ రెండూ తేలాకే యూనిట్ వంతు.

పరీక్ష ఇంజెక్షన్‌తో కాక ఇంజన్‌తోనే మొదలవ్వాలి. ఎయిర్ ఫిల్టర్, ప్లగ్గులు, ఇగ్నిషన్ టైమింగ్, వాల్వ్ క్లియరెన్స్, కంప్రెషన్ ముందు చూడాలి. డి-జెట్రానిక్‌లో ఈ వరుసకు ప్రత్యేకమైన కారణం ఉంది. టైమింగ్ వెనకబడినా, కంప్రెషన్ తగ్గినా మానిఫోల్డ్‌లో వాక్యూమ్ పడిపోతుంది. వాక్యూమ్ తగ్గితే యూనిట్ దాన్ని బరువు లాగుతున్న ఇంజన్‌గా లెక్కగట్టి పెట్రోలు పెంచుతుంది. అక్కడ యూనిట్ తన పని సరిగ్గానే చేస్తోంది, లోపం ఇంజన్‌లో ఉంది. థర్మోస్టాట్ తెరుచుకుని ఉండిపోయినా ఇంజన్ పూర్తిగా వేడెక్కదు, చలికిచ్చే అదనపు పెట్రోలు ఆగదు.

రెండో మెట్టు పెట్రోలు ఒత్తిడి. గేజ్ పెట్టి కొలవకుండా మిక్చర్ గురించి ఎవరేం చెప్పినా అది ఊహే. రిటర్న్ పైపు నలిగినా, రెగ్యులేటర్ చెడినా ఒత్తిడి పెరుగుతుంది. 2 బార్ల చోట 2.6 ఉంటే, ఇంజెక్టర్ అంతే సమయం తెరుచుకున్నా సుమారు 14 శాతం ఎక్కువ పెట్రోలు పోస్తుంది.

మూడోది ఉష్ణోగ్రత సెన్సర్. నిందకూ నిజానికీ మధ్య దూరం ఇక్కడే స్పష్టంగా కనిపిస్తుంది. నీటితో చల్లబడే ఇంజన్లలో వాడే బాష్ సెన్సర్ 20 డిగ్రీల దగ్గర సుమారు 2,500 ఓమ్‌లు, 80 డిగ్రీల దగ్గర సుమారు 300 ఓమ్‌లు చూపుతుంది. కనెక్టర్‌లో చిలుము పట్టి 500 ఓమ్‌ల అడ్డు చేరిందనుకుందాం. చల్లగా ఉన్నప్పుడు 2,500 కాస్తా 3,000 అవుతుంది. తేడా స్వల్పం, కారు చక్కగా స్టార్టవుతుంది. వేడెక్కాక మాత్రం 300 కాస్తా 800 అవుతుంది. ఇంజన్ ఇంకా 50 డిగ్రీల దగ్గరే ఉందనుకుని యూనిట్ అదనంగా పెట్రోలు పోస్తూనే ఉంటుంది. పొద్దున బాగున్న కారు పది కిలోమీటర్లు పోయాక నల్ల పొగ వదలడానికి కారణం ఇదే. వైరు పూర్తిగా తెగితే గడ్డకట్టే చలి ఉన్నట్టు లెక్క, ఇంజన్ పెట్రోలులో మునిగిపోతుంది. దీన్ని పట్టుకోవడానికి మామూలు మల్టీమీటర్ చాలు. అయితే సెన్సర్ దగ్గర కాక, కంట్రోల్ యూనిట్ ప్లగ్ విప్పి ఆ చివర నుంచి కొలవాలి. అప్పుడే వైరింగ్ లోపం కూడా లెక్కలోకి వస్తుంది.

నాలుగోది కోల్డ్ స్టార్ట్ వాల్వ్. చలిలో స్టార్ట్ చేసేటప్పుడు కొన్ని సెకన్లు మాత్రమే చిమ్మాల్సిన ఈ వాల్వ్ కారుతుంటే, యూనిట్ లెక్కలో లేని పెట్రోలు మానిఫోల్డ్‌లోకి పోతుంది. వాల్వ్‌ను పైపుతో సహా బయటకు తీసి, దాని కరెంటు ప్లగ్ విప్పి, మూతి తుడిచి, పంపు నడిపి ఒక నిమిషం గమనించాలి. చుక్క కూడా రాలకూడదు. ఈ పని చల్లని ఇంజన్ మీద, నిప్పురవ్వకు తావు లేకుండా, మంటలార్పే సిలిండర్ పక్కన పెట్టుకుని చేయాలి.

ఐదోది మానిఫోల్డ్ ప్రెషర్ సెన్సర్. దీనిలోని పలుచని లోహపు డయాఫ్రమ్ ఏళ్లు గడిచేకొద్దీ చిట్లుతుంది. చిట్లితే గాలి లోపలికి చేరి, లోడ్ పెరిగినట్టు సంకేతం పోతుంది. చేతి వాక్యూమ్ పంపుతో అర బార్ వాక్యూమ్ పెడితే కొన్ని నిమిషాలు నిలవాలి. నిలవకపోతే దోషి దొరికినట్టే. దానికి పోయే రబ్బరు గొట్టం ఊడినా ఫలితం అదే.

ఈ వరుస తెలియనివారు చేసే మరో హాని, ఒక వ్యవస్థ సూత్రాన్ని ఇంకోదానికి అంటగట్టడం. నాలుగు సిలిండర్ల పోర్షే 914లో 1.7, 2.0 లీటర్ల ఇంజన్లకు డి-జెట్రానిక్ ఉంటే, 1974లో వచ్చిన 1.8 ఇంజన్‌కు అమెరికా కార్లలో ఎల్-జెట్రానిక్ అమర్చారు. ఎల్-జెట్రానిక్ లోపలికి పోయే గాలిని రెక్క ఉన్న మీటర్‌తో నేరుగా కొలుస్తుంది. మీటర్ దాటాక గాలి లీకైతే అక్కడ మిక్చర్ లీన్ అవుతుంది, అంటే పెట్రోలు తక్కువవుతుంది. డి-జెట్రానిక్‌లో అదే లీకు మానిఫోల్డ్ ఒత్తిడిని పెంచి పెట్రోలును కూడా పెంచుతుంది. కారు పేరు ఒకటే అయినా వైద్యం వేరు. ఈ తేడా తెలుసుకోకుండా ఎయిర్ మీటర్ స్ప్రింగునో, ప్రెషర్ సెన్సర్ సీలు తీసి స్క్రూనో తిప్పితే అసలు లోపం అలాగే ఉంటుంది, ఫ్యాక్టరీ సెట్టింగ్ మాత్రం చెడిపోతుంది.

కార్బురేటర్ పక్షం వాదనలో కొంత నిజముంది. పాత సెన్సర్లు ఖరీదైనవి, దొరకడం కష్టం, ఈ వ్యవస్థ తెలిసిన మెకానిక్‌లు తక్కువ. అయితే పైన చెప్పిన లోపాల్లో చాలా వాటికి కొత్త సెన్సరే అక్కర్లేదు. కనెక్టర్ శుభ్రం చేయడం, గొట్టం మార్చడం, టైమింగ్ సరిచేయడం చాలు. కంప్రెషన్ లేని ఇంజన్‌కు కార్బురేటర్లు పెట్టినా కంప్రెషన్ రాదు. 914 లాంటి అడ్డ సిలిండర్ల ఇంజన్‌కు మధ్యలో ఒకే కార్బురేటర్ పెడితే, పొడవాటి చల్లని గొట్టాల్లో పెట్రోలు ఆవిరి కాకుండా గోడలకు పడుతుంది. ఖర్చు పెట్టి కొత్త రోగాన్ని తెచ్చుకున్నట్టవుతుంది. పైగా పీకేసిన వైరింగ్, ఇంజెక్టర్లు, సెన్సర్లు చెల్లాచెదురయ్యాక కారును అసలు స్థితికి తేవడం మరమ్మతుకన్నా ఎన్నో రెట్లు కష్టం.

కంట్రోల్ యూనిట్ ఎన్నడూ చెడదని కాదు. టంకం అతుకులు వదలవచ్చు, లోపలి భాగాలు పాతబడవచ్చు. అయితే దాన్ని రుజువు చేయాలి. ఇంజన్ స్థితి, పెట్రోలు ఒత్తిడి, ఉష్ణోగ్రత, కోల్డ్ స్టార్ట్ వాల్వ్, ప్రెషర్ సెన్సర్, యాక్సిలరేటర్ స్థితిని యూనిట్‌కు తెలిపే థ్రాటిల్ స్విచ్ అన్నీ సరిగా ఉన్నాయని తేలాక, అదే పార్ట్ నంబరున్న మంచి యూనిట్ పెడితే పొగ ఆగిందా లేదా చూడాలి. ఆగితేనే నింద నిజం. ఈలోగా రిచ్‌గా నడుస్తున్న కారును అలాగే తిప్పకూడదు. సిలిండర్ గోడల మీది నూనెను పెట్రోలు కడిగేసి, ఇంజన్ ఆయిల్‌లో కలిసి దాన్ని పలుచన చేస్తుంది. రింగులు, బేరింగులు అరిగిపోతాయి. అందుకే షెడ్డుకు వచ్చిన రోజునే గేజ్, మల్టీమీటర్, వాక్యూమ్ పంపు బయటకు రావాలి. ఈ మూడింటితో కొలవకముందే కంప్యూటర్ పోయిందనే మెకానిక్ మాటకు యజమాని ఒప్పుకోకూడదు.