డీవీడీలో వీడియో మసకగా వస్తోందా? డిస్క్ మార్చే ముందు రెండర్ సెట్టింగ్స్ చూడండి

ఫోన్‌లో 4కే వీడియో తీసే రోజుల్లో డీవీడీ గోల ఏంటి అనుకుంటున్నారా? ఒకసారి ఊళ్లో మీ అమ్మమ్మ ఇంటికి వెళ్లి చూడండి. టీవీ కింద డీవీడీ ప్లేయర్ ఇంకా పనిచేస్తూనే ఉంటుంది. ఆవిడకి లింక్ పంపితే ఉపయోగం లేదు, డిస్క్ పెట్టి రిమోట్ నొక్కడం మాత్రం బాగా వచ్చు. అందుకే ఇంట్లో కంప్యూటర్ తెలిసినవాళ్లకి ఈ పని తప్పదు: "మన పెళ్లి వీడియో కాస్త సీడీలో ఎక్కించి పెట్టరా."

ఎక్కించాక మొదలవుతుంది అసలు గొడవ. ల్యాప్‌టాప్‌లో అద్దంలా కనిపించిన వీడియో టీవీలో గళ్లు గళ్లుగా, మసకగా వస్తుంది. ఎవరినడిగినా అవే సలహాలు. డిస్క్ కంపెనీ మార్చు, స్పీడ్ తగ్గించి బర్న్ చెయ్, వేరే బర్నింగ్ సాఫ్ట్‌వేర్ వాడు. నా దృష్టిలో ఇవి చాలావరకు చీకట్లో రాళ్లేయడమే. క్వాలిటీ పోయేది బర్న్ చేసేటప్పుడు కాదు. అంతకంటే ముందే, రెండర్ దగ్గరే పోతుంది.

బర్నింగ్ అంటే కాపీ చేయడమే

డిస్క్ మీద రాసేది సున్నాలు, ఒకట్లే. ప్లేయర్ వాటిని సరిగ్గా చదవగలిగితే ఖరీదైన డిస్క్‌లో ఉన్నా, చవక డిస్క్‌లో ఉన్నా బొమ్మ ఒకటే. పాత క్యాసెట్‌లా డిస్క్ బాగోకపోతే బొమ్మ మొత్తం కొంచెం మసకబారడం ఇక్కడ ఉండదు. డిస్క్ చెడ్డదైనా, బర్న్ సరిగ్గా కాకపోయినా లక్షణాలు వేరుగా ఉంటాయి: ఒక చోట ఆగిపోవడం, సౌండ్ తెగిపోవడం, ఒక్కసారిగా బొమ్మ ముక్కలవడం, డిస్కే తీసుకోకపోవడం. స్పీడ్ తగ్గించే సలహా పనికొచ్చేది ఇలాంటి వాటికే. వీడియో మొదటి నుంచి చివరి దాకా మసకగా ఉంటే మాత్రం డిస్క్‌ని తిట్టి లాభం లేదు.

కోడ్‌లో బగ్ వెతికినట్టే వెతకండి

ప్రోగ్రామ్ పనిచేయకపోతే అన్నీ ఒకేసారి మార్చేయం కదా. ఏ స్టెప్‌లో తేడా వచ్చిందో ముందు చూస్తాం. ఇక్కడా అంతే, మూడు చోట్ల చెక్ చేస్తే చాలు.

మొదటిది, బర్న్ చేయకుండా డీవీడీ ఫోల్డర్‌ని హార్డ్ డిస్క్‌లోనే తయారు చేయించండి. దాన్ని వీఎల్‌సీలో ఫుల్ స్క్రీన్‌లో చూడండి. చిన్న విండోలో చూస్తే ఏ వీడియో అయినా బాగానే కనిపిస్తుంది, మోసపోకండి. ఇక్కడే గళ్లు కనిపిస్తే తప్పు రెండర్‌ది.

రెండోది, ఫోల్డర్ బాగుండి డిస్క్ మాత్రం ఆగి ఆగి వస్తుంటే, అప్పుడు డిస్క్‌నో బర్నర్‌నో అనుమానించండి. డేటా రాశాక వెరిఫై ఆప్షన్ ఆన్ చేస్తే సగం సందేహం అక్కడే తీరుతుంది.

మూడోది, కంప్యూటర్‌లో డిస్క్ బాగా ఆడి టీవీలోనే బాగోకపోతే కేబుల్ చూడండి. పసుపు, ఎరుపు, తెలుపు పిన్నుల కేబుల్‌లో వీడియో మొత్తం ఒక్క పసుపు పిన్ను గుండానే వెళ్తుంది. ప్లేయర్‌కి హెచ్‌డీఎంఐ ఉంటే అది వాడండి, తేడా మీకే తెలుస్తుంది.

లెక్క చేసుకోండి, ఐదు నిమిషాల పని

ఎక్కువ కేసుల్లో దొంగ బిట్‌రేటే. మామూలు డీవీడీ 4.7 జీబీ. కంప్యూటర్ దాన్నే 4.38 జీబీగా చూపిస్తుంది, కంగారు పడకండి, లెక్కపెట్టే పద్ధతిలో తేడా అంతే. బిట్లలో చెప్పాలంటే సుమారు 37,600 మెగాబిట్లు. దీన్ని వీడియో నిడివితో భాగించండి. రెండు గంటలైతే సెకనుకు 5.2 మెగాబిట్లు వస్తాయి. మూడు గంటలైతే 3.5 లోపే. డీవీడీ ప్రమాణంలో వీడియోకి గరిష్ఠం 9.8 మెగాబిట్లు. మూడు గంటల పెళ్లిని ఒకే డిస్క్‌లో కుక్కితే అందులో మూడో వంతుతో సరిపెట్టుకుంటున్నట్టు.

అందులోంచి ఆడియో కూడా పోవాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఆడియో పీసీఎంలో ఉంటుంది, అది ఒక్కటే సెకనుకు 1.5 మెగాబిట్లు తినేస్తుంది. డాల్బీ డిజిటల్ 192 కిలోబిట్లకి మారిస్తే సన్నాయి, మాటలు బాగానే వినిపిస్తాయి, మిగిలింది వీడియోకి దక్కుతుంది.

పైగా మన పెళ్లిళ్లు కంప్రెషన్‌కి పెద్ద పరీక్ష. డీవీడీలో వాడే ఎంపెగ్-2 ప్రతి ఫ్రేమ్‌నీ చిన్న చిన్న గళ్లుగా విడగొట్టి, ముందు ఫ్రేమ్‌తో పోలిస్తే ఏం మారిందో మాత్రమే రాసుకునే ప్రయత్నం చేస్తుంది. ఇద్దరు కూర్చుని మాట్లాడుకునే సీన్ అయితే మారేది తక్కువ. తలంబ్రాలు పోసేటప్పుడో? వందల గింజలు తలో దిక్కు పడుతుంటాయి. వెనక రంగు లైట్లు వెలిగి ఆరుతుంటాయి, హోమం పొగ కదులుతుంటుంది, మధ్యలో ఫ్లాష్‌లు. అన్నీ ఒకేసారి మారిపోతే రాయడానికి బిట్లు చాలవు, గళ్లు బయటపడతాయి. అంటే అందరూ మళ్లీ మళ్లీ చూడాలనుకునే నిమిషమే అందరికంటే ఘోరంగా వస్తుంది.

పరిష్కారం సింపుల్. మూడు గంటల వీడియోని రెండు డిస్కులు చేయండి. గంటన్నరకి సెకనుకు దాదాపు 7 మెగాబిట్లు దొరుకుతాయి. టూ-పాస్ వేరియబుల్ బిట్‌రేట్ పెట్టండి. మొదటి పాస్‌లో కష్టమైన సీన్లు ఎక్కడున్నాయో చూసుకుని, రెండో పాస్‌లో అక్కడ ఎక్కువ బిట్లు ఇస్తుంది. టైమ్ ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. గరిష్ఠాన్ని మాత్రం 8 దగ్గరే ఆపండి. ఇంట్లో రాసిన డిస్క్‌ని అంతకంటే వేగంగా చదవలేక కొన్ని పాత ప్లేయర్లు తడబడతాయి.

గళ్లు కాదు, కుదుపులు ఉంటే

బొమ్మ నిలకడగా ఉన్నప్పుడు బాగుండి, ఎవరైనా నడిస్తే వణుకుతుంటే బిట్‌రేట్ పెంచినా ఏం మారదు. మన దేశంలో వాడే పాల్ పద్ధతిలో డీవీడీ సైజు 720×576, సెకనుకు 25 ఫ్రేములు. ఇంటర్‌లేస్డ్ వీడియోలో ఒక్కో ఫ్రేమ్‌ని రెండు సగాలుగా చూపిస్తారు. ఏ సగం ముందు అన్నది తారుమారైతే కదలిక ముందుకీ వెనక్కీ ఊగుతుంది. పాత డీవీ క్యాసెట్ క్యామ్‌కార్డర్లలో కింది సగం ముందు, తర్వాత వచ్చిన హెచ్‌డీ క్యామ్‌కార్డర్లలో సాధారణంగా పై సగం ముందు. రెండు రకాల క్లిప్పులూ ఒకే టైమ్‌లైన్‌లో వేస్తే ఫీల్డ్ ఆర్డర్ ఒక్కోదానికీ చూసుకోవాల్సిందే.

ఫోన్ వీడియోది ఇంకో కథ. ఎక్కువగా సెకనుకు 30 ఫ్రేముల్లో తీస్తాం. దాన్ని 25కి దించితే ప్రతి సెకనుకీ ఐదు ఫ్రేములు ఎగిరిపోతాయి, కెమెరా పక్కకి తిప్పిన చోటల్లా కుదుపు. అంతా ఫోన్‌తోనే తీసి ఉంటే ఎన్‌టీఎస్‌సీ డీవీడీ చేయడం మేలు, దానిలో 29.97 ఫ్రేములు. మన దగ్గర చాలా ప్లేయర్లు రెండూ తీసుకుంటాయి, ఒకటి చేసి ముందు టెస్ట్ చేసుకోండి. ఇంకోటి, ఫోన్లు వెలుతురుని బట్టి ఫ్రేమ్ రేట్ మారుస్తుంటాయి. ఎడిటింగ్‌కి ముందే దాన్ని స్థిరమైన రేట్‌లోకి మార్చకపోతే పోనుపోను పెదాలకీ మాటలకీ పొంతన ఉండదు.

ఎన్నిసార్లు రెండర్ చేస్తే అంత నష్టం

ఎడిట్ చేసి ఒక ఎంపీ4, దానికి టైటిల్స్ వేసి ఇంకో ఎంపీ4, దాన్ని డీవీడీ సాఫ్ట్‌వేర్‌లో వేసి ఎంపెగ్-2. మూడు సార్లు కంప్రెస్ అయింది. జిరాక్స్‌కి జిరాక్స్ తీసినట్టే. టైటిల్స్‌తో సహా ఎడిటింగ్ అంతా ఒకేచోట పూర్తిచేసి, నేరుగా ఒక్కసారే డీవీడీ ఫార్మాట్‌లోకి తీయండి. బంధువుల దగ్గర క్లిప్పులు తీసుకునేటప్పుడు వాట్సాప్‌లో మామూలుగా పంపితే అవి అప్పటికే నలిగిపోయి వస్తాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి.

డీవీడీకీ ఒక హద్దు ఉంది

అన్నీ సరిగ్గా చేసినా ఫోన్‌లో కనిపించినట్టు రాదు. పాల్ డీవీడీ ఫ్రేమ్‌లో దాదాపు 4.15 లక్షల పిక్సెల్స్. 4కే టీవీలో సుమారు 83 లక్షలు. అంటే టీవీ ఒక్కో పిక్సెల్‌ని ఇరవై చేసి చూపించాలి. పట్టుచీర జరీ అంచు మిణుకు మిణుకుమన్నా, వెనక వరసలో మొహాలు పోల్చుకోలేకపోయినా అది మీ తప్పు కాదు, 1990ల నాటి ఫార్మాట్ హద్దు. అమ్మమ్మ చూసుకోవడానికి ఇది చాలు. దాచుకోవడానికి మాత్రం చాలదు.

నేను గట్టిగా చెప్పాలనుకున్నది ఇదే. డీవీడీ ఒక కాపీ మాత్రమే, అదే అసలు అనుకోవద్దు. మా కజిన్ పెళ్లికి ఒక స్టూడియో మూడున్నర గంటలు ఒకే డిస్క్‌లో ఇచ్చింది. రెండేళ్ల తర్వాత అసలు ఫైల్స్ అడిగితే హార్డ్ డిస్క్ ఫార్మాట్ చేసేశామన్నారు. ఆ పెళ్లిలో ఉన్న మా తాతయ్య ఇప్పుడు లేరు. ఆయన అక్షింతలు వేసే సీన్ ఇక ఎప్పటికీ ఆ గళ్లలోనే చూడాలి. ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని వెనక్కి తేలేదు. ఏఐ అప్‌స్కేలింగ్ మొహాన్ని నున్నగా చేస్తుంది నిజమే, కానీ లేని వివరాన్ని అది ఊహించి గీస్తుంది. అది తాతయ్య మొహం కాదు, తాతయ్యలాంటి మొహం.

అందుకే స్టూడియోకి అడ్వాన్స్ ఇచ్చే రోజే అడగండి: ఎడిట్ చేసిన ఫుల్ హెచ్‌డీ ఫైల్, వీలైతే కెమెరా ఒరిజినల్స్ కూడా హార్డ్ డిస్క్‌లో కావాలని. డిస్క్ కొని మీరే ఇవ్వండి, ఖర్చు అన్న మాటే రాదు. రెండు కాపీలు రెండు వేర్వేరు ఇళ్లలో పెట్టండి.

ఇంట్లో ఇప్పటికే పాత డీవీడీలు ఉంటే ఈ ఆదివారమే బయటకు తీయండి. రాసే డిస్కుల్లో డేటా నిలిచేది ఒక సన్నటి రంగు పొరలో. వేడి, ఎండ, గీతలు పడితే అది పాడవుతుంది. కంప్యూటర్‌లోకి తీసేటప్పుడు ఎంపీ4గా కన్వర్ట్ చేయకండి, అది మళ్లీ జిరాక్స్. డిస్క్ మొత్తాన్ని ఐఎస్ఓ ఫైల్‌గా కాపీ చేసుకోండి. డీవీడీలో మిగిలిన క్వాలిటీ తక్కువే, దాన్నైనా పోగొట్టుకోకండి.