నదిలో లేని నీళ్లకు వాటాలు
కొలరాడో నది కష్టాలన్నిటినీ 2000 నుంచి వీడని కరువు ఖాతాలో వేసేయడం అమెరికా నాయకులకు బాగా కలిసొచ్చింది. అసలు తప్పు 1922 ఒప్పందంలోనే ఉంది. వానలు, మంచు దండిగా పడిన ఏళ్ల లెక్కలు పట్టుకుని ఎగువ, దిగువ రాష్ట్రాలకు ఏటా చెరో 75 లక్షల ఎకరా-అడుగులు (ఎకరంలో అడుగు లోతున నిలిచే నీరు ఒక ఎకరా-అడుగు) రాసిచ్చేశారు. 1944లో మెక్సికోకు ఇంకో 15 లక్షలు. ఈ శతాబ్దంలో నది ఏటా సగటున ఇస్తున్నది కోటీ పాతిక లక్షలకు అటూఇటూ. 2022 వేసవికి ఈ నది మీది మీడ్ జలాశయం 1937 తర్వాత ఎన్నడూ లేనంతగా అడుగంటింది. వాడకంలో కోత అనగానే వేళ్లన్నీ లాస్ వేగాస్ ఫౌంటెన్ల మీదికి పోతాయి గానీ, ఆ ఊరు ఇళ్లలో వాడిన నీటిని దాదాపు మొత్తం శుద్ధి చేసి మీడ్‌కే తిప్పి పంపుతుంది. ఎక్కువ తాగేది పొలాలు, అందులోనూ పశువుల మేతకు వేసే అల్ఫాల్ఫా. అలాగని రైతును దొంగగా నిలబెట్టలేం. ముందు వాడినవాడికే ముందు హక్కనే చట్టం, పొదుపు చేస్తే ఆ హక్కు జారిపోతుందేమోనన్న భయం అతని చేత పొలం తడిపిస్తున్నాయి. 2023లో కాలిఫోర్నియా, అరిజోనా, నెవాడా కోతకు తలూపాయంటే ఫెడరల్ ప్రభుత్వం పరిహారం డబ్బు చూపించింది కనుకే. (అదే ఏడు నవంబరులో నీళ్ల కోసం నాగార్జున సాగర్ డ్యామ్ మీద రెండు రాష్ట్రాల పోలీసులను ఎదురెదురుగా నిలిపిన మనం వాళ్లను చూసి నవ్వే పరిస్థితి లేదు.) కొలరాడో జలాశయాల 2007 నాటి నిర్వహణ నిబంధనలు 2026తో ముగుస్తాయి. కొత్తవాటిలో వాటాలను ఎకరా-అడుగుల్లో కాక, ఆ ఏడు నిజంగా పారిన నీటిలో శాతాలుగా రాయాలి. పాత హక్కుల కాలిఫోర్నియా గింజుకుంటుంది, గింజుకోనివ్వండి.