అవ్వ చేతిలో పుస్తకం

మా అవ్వ తొంభై దాటి బతికింది. సికింద్రాబాదులో ఆమెను మట్టి చేసిన రోజున సంఘ పెద్దలంతా ఒకే మాట అన్నారు: "భక్తిపరురాలు, ప్రభువునందు నిద్రించింది." నిజమే. కాని ఆ ఒక్క మాటతో అవ్వ బతుకంతా పూడ్చిపెడతామంటే మేం ఒప్పుకోం.

నల్లగొండ పల్లెలో దొర గడీ ముందు చెప్పులు చేతబట్టుకొని నడిచిన మనిషి ఆమె. బడి గడప తొక్కనియ్యలేదు. గూడేనికొచ్చిన బైబిలు స్త్రీ దగ్గర అక్షరాలు దిద్దింది. తాత లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో కుదిరితే పట్నమొచ్చింది. మనకు చదువే వద్దన్న దేశంలో ఒక మాదిగ ఆడమనిషి ప్రతి ఆదివారం పుస్తకం చంకన బెట్టుకొని బజారు మధ్య నుంచి బాప్టిస్టు గుడికి పోవడం ఒట్టి భక్తేనా? తిరుగుబాటు కాదా?

"గంజి కోసం మతం మారిండ్రు" అని మనల్ని ఎత్తిపొడుస్తారు. వాళ్లకు మన చరిత్ర చెప్పాలి. ఒంగోలు సీమలో బాప్టిస్టు సంఘానికి దారి వేసిన ఎర్రగుంట్ల పేరయ్య తోళ్ల వ్యాపారం చేసిన మాదిగ. 1866లో బాప్తిస్మం తీసుకున్నాడు. 1876-78 కరువులో క్లౌ దొర మనవాళ్లకు బకింగ్‌హాం కాలువ పని చూపించాడు, బాప్తిస్మాలు మాత్రం ఆపి ఉంచాడు. అయినా జనం ఆగలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది దిగారు. గంజే కావాలంటే అది కాలువ పనిలోనే దొరికింది గదా, నీళ్లల్లో దిగనెందుకు?

అవ్వ కులాన్ని వదిలింది. కులం అవ్వను వదల్లేదు. కిరాయి ఇంటికి పోయి "క్రిస్టియన్లం" అంటే, "అంతకుముందు ఏమిటోళ్లు?" అని అడిగారు. ఇంటి ఓనరుకు కనబడిన కులం సర్కారుకు కనబడదు! 1950 రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే కట్టిపెట్టింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. దళిత క్రైస్తవులు బయటే ఉన్నారు. మతంతో ముడి తీసెయ్యమని రంగనాథ్ మిశ్రా కమిషన్ 2007లోనే చెప్పింది. ఎవరు విన్నారు?

అవ్వ మనల్నీ వదల్లేదు. సంఘంలో పెళ్లి సంబంధాలకు మాల, మాదిగ అని లెక్కలు తీసేవాళ్లను మొహం మీదే అడిగేది: "ఒక్క రొట్టె ఇరుస్తరు, ఒక్క కంచంల తినరా?" దీనికి జవాబు చెప్పకుండా సర్కారును మాత్రమే నిలదీస్తే సరిపోదు.

అన్నలారా, అక్కలారా! మీ గూడెంలో ఇట్లాంటి అవ్వలు ఇంకా ఉన్నారు. వాళ్ల మాటలు రాసి పెట్టండి. సమాధి మీద వచనంతో పాటు వాళ్ల పోరాటం కూడా రాయండి.