తెల్లబడ్డ పగడానికి ఇంకా ప్రాణముంది

తెల్లబడ్డ పగడం చచ్చిపోయినట్టు కాదు. ఈ తేడా తెలియక కోలుకోగల దిబ్బలను కూడా వదిలేసుకుంటున్నాం.

పగడపు జీవి కణాల్లోనే సూక్ష్మ శైవలాలు కాపురముంటాయి. ఎండతో అవి తయారుచేసే ఆహారమే పగడానికి ప్రధాన ఆధారం. దాని రంగు కూడా చాలావరకు వాటి చలవే. సముద్రపు వేడి మామూలు వేసవి గరిష్ఠాన్ని ఒక్క డిగ్రీ దాటి వారాల తరబడి నిలిస్తే శైవలాల కిరణజన్య సంయోగక్రియ గాడి తప్పి, హానికర ఆక్సిజన్ రూపాలు పుడతాయి. అప్పుడు పగడం వాటిని బయటికి పంపేస్తుంది. పారదర్శకమైన కండలోంచి తెల్లటి సున్నపు అస్థిపంజరం కనిపిస్తుంది. ఇక ఆకలి రోజులే.

పసిఫిక్‌లోని కిరిటిమాటి దీవిలో 2015-16 ఎల్‌నినో వేడి సుమారు పది నెలలు సాగింది. ఎన్నో పగడాలు చనిపోయాయి. కొన్ని మాత్రం నీరు చల్లబడకముందే, వేడిని తట్టుకునే డ్యురుస్డినియం శైవలాలతో మళ్లీ రంగు తెచ్చుకున్నాయి. అదీ మనుషుల ఒత్తిడి తక్కువగా ఉన్న చోట్లే! ఈ మార్పిడి ఉచితం కాదు: ఇలాంటి శైవలాలున్న పగడాలు తరచూ నెమ్మదిగా పెరుగుతాయి.

మన లక్షద్వీప్ దిబ్బలు 1998, 2010, 2016లలో దెబ్బతిని, 2024లో మళ్లీ తెల్లబడ్డాయి. భూతాపాన్ని ఆ దీవులు ఒంటరిగా ఆపలేవు. కానీ లగూన్లలోకి మురుగు చేరకుండా చూడటం, సముద్రం వేడెక్కిన నెలల్లో పూడికతీత నిలిపివేయడం ప్రభుత్వం చేతిలో పనే. కేంద్రం వచ్చే వేసవికి ముందే ఈ రెండింటినీ తప్పనిసరి చేయాలి.