బూతు పుస్తకాల్లో ఉన్నది మన ఆడవాళ్ళే

మా మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా మూడు బడ్డీ కొట్లున్నాయి. సిగరెట్లు, కిళ్ళీలు, చిప్సు ప్యాకెట్లు అమ్ముతారు. పైన దారం కట్టి క్లిప్పులతో పేపర్లు, పుస్తకాలు వేలాడదీస్తారు. మొదట భక్తి పుస్తకం, పక్కన పంచాంగం, ఆ పక్కన ఉద్యోగాల పేపరు. కింది వరసలో పిన్నులు కొట్టి మూసిన పుస్తకాలు. వాటి అట్ట మీద బొమ్మ ఎట్లా ఉంటుందో ఇక్కడ రాయం. బస్సు కోసం నిలబడ్డ ప్రతివాడూ చూసిందే. చూడలేక మొహం తిప్పుకున్న ఆడకూతుళ్ళకు ఇంకా బాగా తెలుసు.

మా హైస్కూలుకు వచ్చే పల్లెల పిల్లలు ఆ బస్టాండులోనే దిగి నడిచొస్తారు. సాయంత్రం మళ్ళీ అక్కడే నిలబడతారు. ఒక్కోసారి ముప్పావుగంట బస్సు రాదు. ఆ ముప్పావుగంటా కొట్టు ముందు చేరిన కుర్రాళ్ళు ఆ పుస్తకాల పేర్లు పైకి చదువుతుంటారు. ఆడపిల్లల మొహాలు చూస్తూ చదువుతారు. ఎనిమిదో తరగతి పిల్లలిద్దరు, ఇద్దరూ మాదిగపల్లె పిల్లలే, బడి మానేస్తామన్నారు. ఎందుకమ్మా అంటే నోరు విప్పరు. చివరికి ఒక పిల్ల తల్లి చెప్పింది. "బస్సు కాడ నిలబడలేకపోతన్నారంట మాస్టారూ" అంది.

మేము ముందు దీన్ని పెద్ద సంగతి అనుకోలేదు. ఉన్నమాట ఒప్పుకోవాలి. భూమి తగాదా ఉంది, శ్మశానం దారి తగాదా ఉంది, కూలి రేట్ల గొడవ ఉంది, వీటి మధ్య బూతు పుస్తకం ఏంటి అనుకున్నాం. మా కళ్ళు తెరిపించింది ఒక పిల్లవాడి నోట్సు.

తొమ్మిదో తరగతి కుర్రాడి సోషల్ నోట్సులో అట్లాంటి పుస్తకం నుంచి చించిన నాలుగు పేజీలు దొరికాయి. బడిలో దెబ్బలు తిని చదువుకున్నవాళ్ళం మేము. పిల్లల మీద చెయ్యెత్తకూడదని ఒట్టు పెట్టుకున్నవాళ్ళం. ఆ రోజు చెయ్యి లేచింది. కొట్టలేదు గాని లేచింది. తర్వాత స్టాఫు రూములో కూర్చుని ఆ పేజీలు చదివాం. పొగాకు బ్యారన్ యజమాని, ఆయన దగ్గరకు గ్రేడింగుకు వచ్చే కూలిమనిషి. అంతే కథ. ఆ కుర్రాడి తల్లి పొగాకు గ్రేడింగుకే పోతుంది. వాడు చదువుతున్నది వాళ్ళమ్మ చేసే పని గురించి. వాడికి ఆ సంగతి తట్టిందో లేదో మేము అడగలేదు. అడిగే ధైర్యం మాకు లేదు.

ఆ తర్వాత జీతం డబ్బులు పెట్టి మూడు కొట్లలోనూ కలిపి ఆరు పుస్తకాలు కొన్నాం. కొట్టువాడు ఎగాదిగా చూశాడు. మాస్టార్లే కొంటున్నారని ఊళ్ళో రెండు రోజులు నవ్వుకున్నారు కూడా. నవ్వుకోనీ. ముగ్గురం కూర్చుని, కథల్లో ఆడమనిషి ఎవరు, మగవాడు ఎవరు అని కాగితం మీద రాసుకున్నాం. పక్కింటావిడ ఉంది, టీచరమ్మ ఉంది, నర్సు ఉంది. దాచం. కానీ ఎక్కువ చోట్ల ఉన్నది పనిమనిషి, పొలం కూలి, ఇటుకబట్టీ మనిషి, పాలు పోయటానికొచ్చిన పిల్ల, హాస్టలు వంటమనిషి. మగవాడు యజమాని, కాంట్రాక్టరు, మేస్త్రీ, ఆఫీసరు, పెద్దింటబ్బాయి. కులం పేరు ఎక్కడా రాయరు. ఊరి చివర గుడిసె అన్నాక, కూలికి పోయింది అన్నాక, ఆమె ఏ పల్లె మనిషో తెలుగు చదవగలిగిన ప్రతివాడికీ తెలుసు. ఊరి నడిమిట్లో మేడలో ఉండే ఇంటిపేరు పెట్టి అట్ట మీద ఆ బొమ్మ వెయ్యమనండి. తెల్లారేసరికి ఆ కొట్టు ఉంటుందా?

ఇంకో సంగతి అంతకంటే ఘోరం. కథలో ముందు ఆమె వద్దంటుంది, తర్వాత ఆమెకే ఇష్టమవుతుంది. ఆరు పుస్తకాల్లోనూ ఇదే వరస. ఈ వరస మనకు కొత్తది కాదు, కోర్టుల్లో విన్నదే. 1972లో మహారాష్ట్రలో ఒక ఆదివాసీ పిల్లను పోలీస్ స్టేషన్లోనే చెరిచారు. మథుర కేసు అంటారు దాన్ని. ఒంటి మీద గాయాలు లేవు కనుక ఒప్పుకునే ఉంటుందని సుప్రీంకోర్టు ఆ పోలీసులను వదిలేసింది. దేశమంతా ఆడవాళ్ళు రోడ్డెక్కితే 1983లో చట్టం మార్చారు. 1989లో వచ్చిన మన ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణలో ఇంకా గట్టి మాట ఉంది. మన కార్యకర్తల్లో కూడా చాలామంది దాన్ని చదివి ఉండరు. మూడో సెక్షను, ఒకటో ఉపసెక్షను, డబ్ల్యూ క్లాజు. దళిత, ఆదివాసీ స్త్రీ అని తెలిసి, ఆమె ఇష్టం లేకుండా కామంతో ఒంటి మీద చెయ్యి వేస్తే నేరం. ఆమె తిరగబడలేదు గనుక ఒప్పుకున్నట్టే అనటానికి వీల్లేదు. ఆమె గతం తవ్వి తీసి నేరం తగ్గించటానికీ వీల్లేదు.

ఎన్ని కేసులు, ఎన్ని ఊరేగింపులు, ఎంతమంది ఆడవాళ్ళ ఉసురు కలిస్తే ఆ నాలుగు వాక్యాలు చట్టంలోకి వచ్చాయో మనకు తెలుసు. వాటికి ఎదురుగా బస్టాండులో ఒక పుస్తకం వేలాడుతోంది. వద్దన్నా ఒప్పుకున్నట్టే అని మన పిల్లలకు నేర్పుతోంది, యజమాని కొడుకులకూ నేర్పుతోంది. పొద్దున్నే బ్యారన్ కాడికి పోయే ఆడమనిషి, అది చదివిన మేస్త్రీ ముందు నిలబడి కూలి డబ్బులు అడగాలి.

అర్జీ రాసి పంచాయతీ ఆఫీసు ముందు మీటింగు పెట్టాం. ఊళ్ళో పెద్దమనుషులు కూడా వచ్చారు. మేము పిలవలేదు, వాళ్ళే వచ్చారు. మన వెనక వీళ్ళెప్పుడు నిలబడ్డారు అని ఆశ్చర్యపోయే లోపలే సంగతి అర్థమైంది. ఒకాయన లేచి, "సంస్కృతి పాడైపోతోంది, మాస్టార్లు మంచి పని చేస్తున్నారు, ఆడపిల్లలు పద్ధతైన బట్టలు కట్టుకోవాలని, సెల్‌ఫోన్లు వాడకూడదని కూడా అందులో రాయండి" అన్నాడు. ఇంకొకాయన, "అసలు అవి కొనేది పల్లె కుర్రాళ్ళేగా, ముందు మీవాళ్ళను అదుపులో పెట్టుకోండి" అన్నాడు.

అక్కడే చెప్పాం. ఏ సంస్కృతయ్యా? మన ఆడపిల్లను జోగినిగా, మాతమ్మగా, బసివిగా ఊరి మీదకు వదిలింది ఏ సంస్కృతి? దాన్ని ఆపటానికి 1988లో చట్టం చెయ్యాల్సి వచ్చింది. 2018లో మిర్యాలగూడలో, కులం దాటి పెళ్ళి చేసుకున్నందుకు మన బిడ్డను కడుపుతో ఉన్న భార్య ఎదురుగా ఆసుపత్రి ముందే నరికారు. అదీ పరువు పేరు మీదే, సంస్కృతి పేరు మీదే జరిగింది. అందుకే మా అర్జీలో ఆడపిల్లల బట్టల గురించి ఒక్క అక్షరం ఉండదు. పుస్తకం వేలాడదీసినవాడిని వదిలేసి, దాన్ని చూసి తల దించుకున్న పిల్లకు శిక్ష వేస్తామంటే ఒప్పుకోం. ఆ మాటతో పెద్దమనుషుల్లో సగం మంది సంతకం పెట్టకుండా లేచిపోయారు. పోనీ.

రెండో మాట ఇంకా ప్రమాదమైంది. పల్లె కుర్రాళ్ళు ఆడవాళ్ళను అల్లరి పెడుతున్నారు అన్న ప్రచారం ఎక్కడికి పోతుందో మనకు తెలుసు. చుండూరులో సినిమా హాల్లో కాలు తగిలిందన్న గొడవకు ఈ ప్రచారమే తోడైంది. 1991 ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. 2007లో స్పెషల్ కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందరినీ వదిలేసింది. కాబట్టి ఆ మాట ఎవరన్నా అక్కడికక్కడే నిలదీయాలి. మన కుర్రాళ్ళు కొనటం లేదని మేము అనం. కొంటున్నారు. మేడల్లో పిల్లలూ కొంటున్నారు, వాళ్ళ నాన్నలూ కొంటున్నారు. అయితే మన కుర్రాడు కొన్నప్పుడు వాడు యజమాని కళ్ళతో తన పల్లెను చూడటం నేర్చుకుంటున్నాడు. ఇది పల్లెలో మనం మనం కూర్చుని మాట్లాడుకోవాల్సిన సంగతి. పెద్దమనుషులకు అప్పజెప్పేది కాదు.

మనవాళ్ళలో ఒక అన్న ఇంకో అడ్డు చెప్పాడు. ఆయన మాట తీసిపారేసేది కాదు. బూతు అనే మాట వాళ్ళ చేతిలోది, మన పాట బూతు, మన యాస బూతు, మన తిట్టు బూతు అన్నారు, ఇవాళ మనమే ఆ చట్టాన్ని పిలిస్తే రేపు అది మన పుస్తకాల మీదకే వస్తుంది అన్నాడు. నిజమే. 1934లో బొంబాయిలో రఘునాథ్ ధోండో కర్వే మీద బూతు కేసు పెట్టారు. ఆయన సమాజ్ స్వాస్థ్య అనే మరాఠీ పత్రికలో కాపురం గురించి, శరీరం గురించి పాఠకులు అడిగిన ప్రశ్నలకు దాపరికం లేకుండా జవాబులు రాసేవాడు. ఆయన తరఫున కోర్టులో వాదించింది మన బాబాసాహెబ్ అంబేద్కరే. కేసు ఓడిపోయారు, కర్వేకు 200 రూపాయలు జరిమానా పడింది. ఓడినా బాబాసాహెబ్ ఏ వైపు నిలబడ్డాడో మనం గుర్తుపెట్టుకోవాలి. శరీరం గురించి తెలుసుకోవటం తప్పని ఆయన అనలేదు, మేమూ అనం.

ఇక్కడ మా తప్పు మేము చెప్పుకోవాలి. ఆ కుర్రాడికి తన శరీరం గురించి అడగటానికి ఇంకో చోటు లేదు. ప్రత్యుత్పత్తి పాఠం వచ్చినప్పుడల్లా, "ఇది ఇంటి దగ్గర చదువుకోండి" అని పేజీలు తిప్పేస్తామని మాలో బయాలజీ చెప్పే ఆయనే ఒప్పుకున్నాడు. ఇంటి దగ్గర ఎవరు చెబుతారు? గ్రేడింగు నుంచి రాత్రి ఏడింటికి వచ్చే తల్లి చెబుతుందా? మేము వదిలేసిన పాఠం కొట్టువాడు చెబుతున్నాడు. ఈ ఏడు ఆ పాఠం ఒక్క పేజీ వదలకుండా చెప్పాలని అనుకున్నాం. ఆడపిల్లలకు ఏఎన్ఎమ్ అమ్మను పిలిపించి చెప్పిస్తున్నాం.

"ఈ రోజుల్లో పుస్తకాలెవరు కొంటారు మాస్టారూ, అంతా ఫోన్లోనే ఉందిగా" అనేవాళ్ళు ఉన్నారు. ఫోన్లో ఉన్నది ఇంతకంటే చెడ్డదే. దానికి మా దగ్గర పూర్తి జవాబు లేదు. అయితే ఫోను జేబులో ఉంటుంది. కొట్టు బస్టాండులో, ఆడపిల్ల నిలబడక తప్పని చోట ఉంది. జేబులో ఉన్నదాన్ని ఆపలేం కాబట్టి దారిలో ఉన్నదాన్నీ ఉండనివ్వాలనేది ఏం న్యాయం?

చట్టం సంగతి కార్యకర్తలు రాసిపెట్టుకోండి. పాత ఐపీసీలో 292, 293 సెక్షన్లు ఉండేవి. 2024 జూలై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చాక అవి 294, 295 అయ్యాయి. అశ్లీల పుస్తకాలు అమ్మితే మొదటిసారి రెండేళ్ళ దాకా జైలు, పిల్లలకు అమ్మితే మూడేళ్ళ దాకా. పాత చట్టంలో ఇరవై ఏళ్ళ లోపు వాళ్ళకు అమ్మితే ఎక్కువ శిక్ష ఉండేది, ఇప్పుడు దాన్ని పద్దెనిమిదికి దించారు. పిల్లలకు అట్లాంటి బొమ్మలు చూపించటం 2012 నాటి పోక్సో చట్టం కింద లైంగిక వేధింపే. లోపల ఏముందో నాకు తెలియదు, పార్సిల్ వస్తే తగిలించాను అని కొట్టువాడు అంటే చెల్లదు. బొంబాయి పుస్తకాల షాపు కేసులో 1964లోనే సుప్రీంకోర్టు ఆ మాట చెప్పింది.

కానీ ఈ తీర్పు మాకు సగమే మింగుడుపడుతుంది. ఆ మూడు కొట్లలో ఒకటి మన పల్లె మనిషిదే. అప్పు తెచ్చి పెట్టుకున్నాడు. కేసంటూ పెడితే ముందు పడేది ఆయనే. అచ్చేసినవాడు ఏ ఊళ్ళో ఉన్నాడో ఎవరికీ తెలియదు. ఆరు పుస్తకాలు తిరగేశాం, ఒక్కదాని మీదా ప్రెస్సు చిరునామా లేదు. ఈ పత్రిక చివరి పేజీ చూడండి, అచ్చేసింది ఎవరో, ఎక్కడో ఉంటుంది. కూలి రేట్ల మీద మనం అరపేజీ కరపత్రం వేస్తే, కింద ప్రెస్సు పేరేదని ఎస్సై అడుగుతాడు. ఈ పుస్తకాలు నెలనెలా పార్సిల్లో దిగుతుంటే ఏ ఎస్సై అడిగాడు? అందుకే మా అర్జీలో మొదటి కోరిక కొట్లవాళ్ళను పట్టుకోమని కాదు. పార్సిల్ ఎక్కడి నుంచి వస్తోందో పట్టుకోమని రాశాం.

పోలీసుల కోసం కూర్చోలేదు. నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992లో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్ళు సారా కొట్టు దగ్గరకు వాళ్ళే నడిచారు. మరుసటి ఏడు రాష్ట్రమంతా సారా ఆగింది. 1995లో వచ్చిన పూర్తి నిషేధాన్ని 1997లో ఎత్తేశారు గాని, సర్కారును కదిపింది ఆ నడకే. మా పల్లె అమ్మలు కూడా కొట్ల దగ్గరకు నడిచారు. అరవలేదు, దేన్నీ చించలేదు. ఆ ముప్పావుగంటా పిల్లల పక్కన నిలబడ్డారు. రెండో రోజుకు పేర్లు చదివే కుర్రాళ్ళు రావటం మానేశారు. మూడో రోజు మన పల్లె మనిషి తన కొట్టులోవి తీసేశాడు. తీసేసి, "నెలకు పోయిన డబ్బులు ఎవరిస్తారు అన్నా?" అని అడిగాడు. నోట్సులు, పెన్నులు, పరీక్షల గైడ్లు పెట్టమన్నాం, మా బడి పిల్లలు అక్కడే కొంటారని చెప్పాం. దాంతో పూడుతుందో లేదో రెండు మూడు నెలలు చూడాలి. పూడకపోతే మళ్ళీ కూర్చుంటాం.

రెండో కొట్టువాడూ తీసేశాడు. మూడో కొట్టువాడు దారం మీద నుంచి తీసి గల్లాపెట్టె కింద పెట్టాడు. అడిగినవాళ్ళకు ఇస్తున్నాడు, బడి యూనిఫాంలో ఉన్నవాడికి కూడా ఇచ్చాడని తెలిసింది. ఆయన దగ్గరకు మళ్ళీ పోవాలి. ఈసారి మాస్టార్లు వెనక ఉండండి, మేమే ముందు నిలబడతాం అని గ్రేడింగుకు పోయే అమ్మలు అన్నారు. వాళ్ళకు శుక్రవారం పని లేదు. ఆ రోజు సాయంత్రం నాలుగున్నర బస్సు వేళకు పోతున్నాం.