కబడ్డీ ఆటగాడు పిల్లిమొగ్గలు నేర్పవచ్చునా?

హైదరాబాదులో ఉన్న మా మనుమరాలికి తొమ్మిదవ యేడు. జిమ్నాస్టిక్స్ నేర్చుకొంటున్నది. పాత శిక్షకురాలు వెళ్లిపోగా ఆ స్థానంలోనికి ఒక యువకుడు వచ్చినాడు. అతడు పూర్వం కబడ్డీ ఆడినవాడట. "కూతపెట్టేవానికి ఈ విద్య ఏం తెలుస్తుంది నాయనా, మాన్పిస్తా" అని మా అబ్బాయి మైదుకూరుకు ఫోను చేసినాడు.

నాకు మొదట నవ్వు వచ్చింది, పిదప సిగ్గు. భాషాప్రవీణ చదివి ఉద్యోగంలో చేరిన క్రొత్తలో, లెక్కల అయ్యవారు లేరని ఆరవ తరగతికి ఒక సంవత్సరం నాచేత లెక్కలు చెప్పించినారు. భిన్నాల భాగహారం వద్ద నాకే తెలియని సంగతిని గొంతు పెంచి దాటవేసినాను. సందేహం అడిగిన పిల్లవానిని గద్దించి కూర్చోబెట్టినాను. నేను తెలుగు చదవడం తప్పు కాదు. తెలిసినవారిని అడుగకపోవడం తప్పు.

1976లో మాంట్రియల్ ఒలింపిక్స్‌లో పదునాలుగేండ్ల నాదియా కొమనెచికి పదికి పది వచ్చినప్పుడు ఆమె గురువు బేలా కారోలీ. ఆయన యౌవనంలో బాక్సింగు చేసినవాడు, హామర్ విసిరినవాడు. జిమ్నాస్టిక్స్ కళాశాలలో కష్టపడి నేర్చినాడు. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్పు వాల్టులో కాంస్యం గెలిచిన మన హైదరాబాదు అమ్మాయి బుద్దా అరుణారెడ్డి కూడ కరాటే నుండి వచ్చినదే. పూర్వవిద్య దోషం కాదు. అట్లని పతకాలే ప్రమాణమా? ఆకలికి మాడ్చినారని, దూషించినారని కారోలీ దంపతులపై కొందరు శిష్యురాండ్రు తరువాతి కాలంలో ఆరోపించినారు, వారు కాదన్నారు.

మరి దేనిని చూడవలె? బ్యాలెన్స్ బీము పది సెంటీమీటర్ల వెడల్పు, నేలనుండి నాలుగడుగుల పైచిలుకు ఎత్తు. పిల్ల దానిపైకెక్కినప్పుడు అతని చేయి ఎక్కడున్నది? మణికట్టు నొప్పి అంటే ఆపుతున్నాడా, వెక్కిరిస్తున్నాడా? పడడం ముందు నేర్పినాడా? (ఈ ఒక్కటి కబడ్డీవానికి మనకన్న బాగా తెలిసియుండును!) అయితే గాలిలో వెనుకకు తిరిగే మొగ్గ కబడ్డీ కోర్టులో అబ్బే విద్య కాదు. అది ఎరిగినవారి వద్ద తాను శిక్షణ పొందేదాక పిల్లచేత చేయించరాదు. ఇక్కడ మొగమాటం పనికిరాదు.

"మాన్పించే ముందు వారం దినాలు ఆ హాలులో ఒక మూల కూర్చోరా" అన్నాను. మూడవ దినం ఫోను వచ్చింది. పిల్ల ఏదో క్రొత్త విన్యాసం అడిగిందట. "అది నాకు రాదమ్మా, పెద్ద సారు వచ్చినాక ఆయన దగ్గర ఇద్దరం నేర్చుకొందాం" అన్నాడట ఆ యువకుడు.

మా అబ్బాయి మెత్తబడినాడు. కోడలు ఇంకా ఒప్పుకోలేదు; వచ్చే వారం తానే వెళ్లి కూర్చుంటుందట.